శాలేయ దేశపు పద్నాలుగో ఉత్తర్వు

శాలేయ దేశంలో కొత్త సంవత్సరం లాకు తలుపులు ఎత్తిన రోజున మొదలవుతుంది. బాలగంగాధరం ఆ వాక్యం రాసి, కింద స్కేలు పెట్టి ఎర్ర సిరాతో గీత గీశాడు. సిరా ఆరేదాకా చెయ్యి కదపలేదు. కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న ముప్పై నాలుగేళ్ళూ గీత అలాగే గీశాడు.

అది నాలుగో పుస్తకం. నాలుగూ పొడుగు రిజిస్టర్లే. మొదటిదానిలో ఆ దేశపు తొమ్మిది కాలువలు, నలభై ఒక్క ఊరు, వాటి పటాలు, నీటి ఉత్తర్వులు ఉన్నాయి. రెండోదానిలో చరిత్ర ఉంది. మూడోదానిలో పెళ్ళిళ్ళు, చావులు, పండగలు ఉన్నాయి. శాలేయంలో రాజు లేడు. కాలువ చివరన ఉన్న శివారు ఊళ్ళలోంచి ఒకరిని తూము పెద్దగా ఎన్నుకుంటారు. పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళేటప్పుడు పుట్టింటి నారుకట్ట ఒకటి పట్టుకెళ్తుంది. అది నాటిన మడిని ఆమె పేరుతో పిలుస్తారు. మనిషి పోతే ఆ మనిషి చేనికి ఒక రోజంతా కాలువ నీరు వదులుతారు. ఆ రోజు ఇంకెవరూ తూము ఎత్తరు.

అరవై మూడో సంవత్సరంలో కాలువ మొదట్లో ఉన్న తల ఊళ్ళవాళ్ళు దానికి అడ్డుకట్ట వేశారు. శివారు వాళ్ళు పోట్లాడలేదు. ఇళ్ళ తలుపులు ఊడదీసి నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు. పదకొండేళ్ళు ఆ నేల మీద మనిషి లేడు. దున్నే చెయ్యి లేక, మంచినీటి తడి లేక, సముద్రపు ఉప్పు ఏడాదికి ఒక ఊరు చొప్పున లోపలికి వచ్చింది. తల ఊళ్ళ మడుల్లో తెల్లగా తేలింది. డెబ్భై నాలుగో సంవత్సరంలో తల ఊళ్ళ పెద్దలు నడుచుకుంటూ వెళ్ళి శివారు వాళ్ళను వెనక్కి పిలుచుకొచ్చారు. పద్నాలుగో ఉత్తర్వు అప్పుడు పుట్టింది.

"ఏవండీ, కాఫీ అక్కడ పెట్టి అరగంటయింది," అంది దుర్గాంబ గుమ్మంలోంచి. "మీరు ఆఫీసు వదిలేసి తొమ్మిదేళ్ళయింది. అది మిమ్మల్ని వదల్లేదు."

అతను గ్లాసు అందుకుని చల్లారిన కాఫీ తాగాడు.

ఆ రోజు అమలాపురంలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఎనిమిదింటి బస్సుకు వెళ్ళి, మూడింటికి తిరిగి వచ్చాడు. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, బల్ల దగ్గరకు వెళ్ళి చూస్తే మూడు పుస్తకాలే ఉన్నాయి.

"మొదటి పుస్తకం ఏదీ?"

"మాణిక్యాలరావుకిచ్చాను. శివారున పాలెంలో మాణిక్యాలరావు," అంది దుర్గాంబ పప్పు వంపుతూ. "పాపం మిట్టమధ్యాన్నం సైకిలు తొక్కుకొచ్చేడు. మన కాలువ శివారుకు నీటి వంతు ఉండేదని ఏదైనా కాయితం ఉంటే చూపించమందిట కాలువల ఇంజనీరు, ఆ ఏఈ అమ్మాయి. మీ దగ్గర ఉంటుందని వచ్చేడు. పటాలున్న పుస్తకం అదే కదా అని ఇచ్చేను. ఫోనులో ఫొటోలు తీసుకుని రేపిచ్చేస్తానన్నాడు."

"నువ్వు చదివేవా అది?"

"కాలువలూ తూములూ నేనేం చదువుతాను. ఎందుకు, ఇవ్వకూడదా?"

బాలగంగాధరం కంచం ముందు కూర్చున్నాడు. కోపం వస్తుందేమో అని చూశాడు. రాలేదు. మాణిక్యాలరావు ఇంటికి వెళ్ళి పుస్తకం తెచ్చుకోవచ్చు. పాలెం ఆరు కిలోమీటర్లు. కళ్ళలో మందు వేశారు కాబట్టి ఎండలోకి వెళ్ళకూడదు అనుకున్నాడు. పప్పు కలుపుకున్నాడు.

"మూడెకరాల వరీ పొట్ట మీదుందిట, కంకి ఇంకా బయటికి రాలేదుట," అంది దుర్గాంబ. "నాలుగు రోజుల్లో తడి తగలకపోతే మొత్తం తాలేనన్నాడు. మంచినీళ్ళిమ్మంటే రెండు చెంబులు తాగేడు."

మర్నాడు తొమ్మిది గంటలకు లస్కరు శివాజీ మోటారుసైకిలు మీద వచ్చాడు. ఆ ఊరి కొత్తమెరక కాలువ మీద తూములు ఎత్తేదీ దించేదీ అతనే. బాలగంగాధరం దగ్గరే పని నేర్చుకున్నాడు. బండి స్టాండు వేయకుండానే, "మిమ్మల్ని తీసుకురమ్మన్నారండి, లాకు దగ్గర మీటింగు," అన్నాడు.

"నాతో ఏం పని?"

"మీ కాయితం గ్రూపంతా తిరిగేస్తందండి. చూళ్ళేదా?"

శివాజీ ఫోను చూపించాడు. ఆయకట్టు రైతుల గ్రూపులో రాత్రి మాణిక్యాలరావు పెట్టిన ఫొటో ఉంది. ఒకటే పేజీ. బాలగంగాధరం చేతిరాత, ఎర్ర గీత.

'సం. 74. ఉత్తర్వు 14. శివారు గ్రామమునకు నీరు చేరనిదే తల గ్రామము తన తూము ఎత్తరాదు. తల గ్రామ పెద్దలు కాలువ వెంబడి నడిచి శివారుకు పోయి, నీరు తమ పాదములు తడుపువరకు అక్కడ నిలువవలెను.'

దాని కింద నూట పన్నెండు జవాబులు ఉన్నాయి. 74 అంటే 1974 అని అందరూ తీసుకున్నారు. మా తాతగారు చెప్పేవారు అని ఒకరు. మా నాన్న చిన్నప్పుడు అలా నడిచేరని ఇంకొకరు. ఆ సంవత్సరం తర్వాతే కాలువ పాడయిందని ఒకరు.

"ఇదంతా నిజమేనాండి?" అన్నాడు శివాజీ. "నాకెప్పుడూ చెప్పలేదేంటండి?"

బాలగంగాధరం కండువా భుజాన వేసుకుని బండెక్కాడు.

లాకు పక్కన రేకుల షెడ్డులో ముప్పై మంది దాకా ఉన్నారు. ఏఈ సత్యప్రియ ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మాణిక్యాలరావు తెచ్చిచ్చిన శాలేయం మొదటి పుస్తకం బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. పక్కన నీటి సంఘం అధ్యక్షుడు ప్రభాకరరావు. తల భాగంలో అతనికి పన్నెండెకరాల వరి, ఎనిమిదెకరాల చేపల చెరువులు ఉన్నాయి. కాలువ గట్టు మీద చెరువుల్లోకి నీళ్ళు తోడే ఇంజన్లు రెండు అతనివే. మాణిక్యాలరావు షెడ్డు బయట, నీడ అయిపోయే చోట నిలబడ్డాడు. అతని తండ్రి పడవ నడిపేవాడు. వాళ్ళింట్లో మొదట సేద్యంలోకి దిగింది ఇతనే.

తల ఊరి అచ్చాయమ్మ మాట్లాడుతోంది. ఎనభై దాటిన మనిషి.

"నడిచేరమ్మా. మా మావగారు నడిచేరు. నేనే చద్దికూడు మూటగట్టి ఇచ్చేను. నిమ్మకాయ ఊరగాయేసి. శివారులో కాళ్ళు తడిసేకే తిన్నారు. మూట తడిసిపోయిందని తిట్టేరు కూడా."

"ఏ ఊరగాయో కూడా గుర్తుందే అప్పా నీకు," అన్నాడెవరో.

"నీ పెళ్ళికి నువ్వు కట్టుకున్న పంచె కూడా గుర్తుందిరా. అరువుది."

నవ్వారు. బాలగంగాధరం గుమ్మం దగ్గరే ఆగి ఆ మూట గురించి ఆలోచించాడు. పుస్తకంలో మూటలు లేవు. నడిచేవాళ్ళు ఏం తింటారో అతను రాయలేదు.

"రండి గంగాధరంగారూ, కూర్చోండి," అని ప్రభాకరరావు లేచి కుర్చీ జరిపాడు. "మీరు పెద్దవారు. నిలబెట్టి అడిగేరన్న మాట మాకొద్దు."

సత్యప్రియ పుస్తకం అతని వైపు తిప్పింది. "సార్, ఈ రాత మీదేనా?"

"ఆయ్. నాదేనమ్మా."

"ఇది డెబ్భై నాలుగు నాటి ఉత్తర్వుకి నకలు కదండీ. అసలు ఎక్కడుంది? అసలు లేకపోయినా, ఫలానా ఆఫీసులో చూసి రాసుకున్నానని మీరొక ముక్క రాసిస్తే నేను ఈరోజే వంతు పెట్టగలను. తల తూములు మూడు రోజులు దించేస్తే శివారుకు నీరెళ్తుంది."

మాణిక్యాలరావు తువ్వాలు రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

'ఆఫీసు మార్చినప్పుడు అసలు కాయితాలు పోయాయి.' ఆ వాక్యం బాలగంగాధరం నోటి దాకా వచ్చింది. అలాంటి వాక్యాలు అతను సర్వీసులో చాలా రాశాడు. ఎవరూ తిరిగి అడగలేదు. ఇప్పుడూ అడగరు.

"అసలు లేదమ్మా," అన్నాడు. "అది నేను కల్పించి రాసుకున్నది."

"అంటే?"

"శాలేయం అని ఒక దేశం. లేదు అలాంటిది. పొద్దుటిపూట కూర్చుని రాసుకుంటాను. డెబ్భై నాలుగంటే వాళ్ళ డెబ్భై నాలుగు."

ముందు ఒకరు నవ్వారు. తర్వాత షెడ్డంతా నవ్వింది. "అయితే అచ్చాయమ్మప్పా, మీ మావగారు ఏ దేశంలో నడిచేరే?" అన్నారు. అచ్చాయమ్మ మాత్రం, "నడిచేరు," అంది, ఇంకెవరినీ చూడకుండా.

మాణిక్యాలరావు నవ్వలేదు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నేనేం చేసేనండి పంతులుగారూ మిమ్మల్ని," అన్నాడు. గొంతు పెంచలేదు.

ప్రభాకరరావు కూడా నవ్వలేదు. శివాజీని పిలిచి బీరువాలోంచి రోజూ నీటిమట్టం రాసే పాత గేజి రిజిస్టర్లు తెప్పించాడు. పై దాని మీద దుమ్ము ఊది తెరిచాడు.

"మేడం, గంగాధరంగారి సరదాని మనం తప్పు పట్టక్కర్లేదు. ఇదిగో ఇది గవర్నమెంటు రికార్డు. ఇదీ ఆయన రాసిందే. చదువుతాను. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. శివారు గేజి ఒక అడుగు రెండంగుళాలు. నీరు అందినది. సంతకం. మార్చి ఒకటి. ఒక అడుగు మూడంగుళాలు. నీరు అందినది. సంతకం." పేజీలు తిప్పాడు. "ఇరవై రెండేళ్ళు ఈ లాకు మీద ఉన్నారాయన. దాళ్వాలో, ఈ రెండో పంటకి, ఒక్క రోజు శివారుకు అందలేదని లేదు. ఎప్పుడూ అందుతున్నదానికి కొత్తగా వంతేంటండీ?"

సత్యప్రియ రిజిస్టరు తీసుకుని చూసింది. ఆమె వేలు సంతకాల మీదుగా కిందికి వెళ్ళింది.

"అదీ నేను కల్పించి రాసిందేనండి," అన్నాడు బాలగంగాధరం.

సత్యప్రియ రిజిస్టరులోంచి తలెత్తింది.

"గేజి చూడకుండా రాసేరా సార్?"

"శివారు ఆరు కిలోమీటర్లమ్మా. ఇక్కడ లాకు గేజి చూసి, అందులోంచి రెండడుగులు తీసేసి రాసేవాణ్ణి. అప్పుడప్పుడు అంగుళం అటూ ఇటూ మార్చేవాణ్ణి. రోజూ ఒకటే ఉంటే బాగోదని."

"ఎవరు చెప్పేరు అలా రాయమని?"

అతను ఆలోచించాడు. "ఎవరూ చెప్పలేదు. నాకు ముందున్నాయన అలాగే రాసేరు. ఎలా రాయాలో చూపించేరు. నేను శివాజీకి చూపించేను."

శివాజీ తన చెప్పుల వైపు చూశాడు.

"అంటే ఇరవై రెండేళ్ళూ మా చేలో నీళ్ళున్నట్టేనాండి?" అన్నాడు మాణిక్యాలరావు. "మరి మాకెందుకు కనపడలేదంటారు?"

ప్రభాకరరావు ఆమె ముందున్న రిజిస్టరు మూసి, "పెద్దవయసు," అన్నాడు సత్యప్రియతో, గొంతు తగ్గించి. "ఆయన మాటని మనం..."

సత్యప్రియ బాలగంగాధరం వైపు కొంచెం వంగింది. "సార్, మీరు నోటితో అన్నారు, అయిపోయింది. కాయితం మీద పెడితే నేను పైకి పంపాలి. మీకు నోటీసొస్తుంది. పెన్షను దాకా వెళ్ళొచ్చు. ఆలోచించుకోండి."

"కాయితం ఇవ్వమ్మా."

ఆమె తెల్లకాగితం ఇచ్చింది. అతను ఎడమ పక్క మార్జిను మడిచి, పేరు, హోదా, తేదీ రాసి, తొమ్మిది వరసల్లో గేజి లెక్కల సంగతి రాశాడు. అలవాటు కొద్దీ కింద గీత గీయడానికి స్కేలు కోసం బల్ల మీద వెతికాడు. లేదు. సంతకం చేసి ఇచ్చాడు.

పది నిమిషాల్లో నాలుగు బళ్ళు గట్టు మీద శివారు వైపు బయల్దేరాయి. మూడో కిలోమీటరు దాటాక కాలువలో నీరు పాదం లోతుకు తగ్గింది. నాలుగో కిలోమీటరు దగ్గర గుర్రపుడెక్క ఎండి ఉంది. ఐదు దాటాక కాలువ నేల పగిలి కనబడింది. బాలగంగాధరం శివాజీ వెనక కూర్చుని చూస్తున్నాడు. ఇంత దూరం అతనెప్పుడూ రాలేదు.

మాణిక్యాలరావు చేలో మొక్కల మొదళ్ళ దగ్గర మట్టి తెల్లగా పూత కట్టి ఉంది. అతను ఒక పిలక పెరికి, పొట్ట చీల్చి, సత్యప్రియ చేతిలో పెట్టాడు. లోపల కంకి వేలెడంత ఉంది. కొన దగ్గర ఎండింది.

"శివారు గేజి రాయి ఎక్కడ?" అంది సత్యప్రియ.

శివాజీకి తెలీదు. బాలగంగాధరానికి తెలీదు. తూము పక్కన రాయి పాతిన గుంట ఉంది, రాయి లేదు. మాణిక్యాలరావు గట్టు కింద తన ఇంటి వైపు చూసి, అటు నడిచాడు.

ఇంటి వెనక బోరింగు దగ్గర అతని భార్య సత్యవతి బట్టలు ఉతుకుతోంది. ఇంతమందిని చూసి చీర కుచ్చిళ్ళు దించుకుని లేచింది. ఆమె ఉతుకుతున్నది మనిషంత పొడుగు రాయి మీద. పడుకోబెట్టి, రెండు వైపులా ఇటుకలు ఎత్తు పెట్టారు. దాని మీద సబ్బు నురగ. నురగ కింద గీతలు, అంకెలు. సున్నా ఉంది, ఒకటి ఉంది. రెండు సగం అరిగింది.

"ఇది ఎక్కడిదమ్మా?" అంది సత్యప్రియ.

"మా అత్తగారు తెప్పించేరండి. ఆ తొంభై ఆరు తుపానుకి కాలువలో పడిపోయిందంట. ఎవరూ తీసుకెళ్ళలేదండి. అడిగితే ఇచ్చేద్దుమండి," అంది సత్యవతి. "ఎవరూ అడగలేదు."

బాలగంగాధరం లెక్క వేశాడు. అతని ఇరవై రెండేళ్ళలో చివరి ఇరవై ఏళ్ళు ఈ రాయి ఇక్కడ ఉంది. రోజుకొకసారి దాని మీద నీరు ఎంత ఎత్తున ఉందో అతను లాకు దగ్గర కుర్చీలో కూర్చుని రాశాడు. వంగి రాయి మీద చెయ్యి పెట్టాడు. తడిగా ఉంది.

సత్యప్రియ బండి సీటు మీద రిజిస్టరు పెట్టి రాసింది. 'శివారు గేజి లేదు. నీరు లేదు.' కింద సాక్షి సంతకానికి పుస్తకం బాలగంగాధరానికి ఇచ్చింది. అతను చేశాడు.

"ప్రభాకరరావుగారూ, ఇప్పట్నించి మూడు రోజులు తల తూములు దించేస్తాం. చెరువుల ఇంజన్లు కూడా తీయించండి," అంది.

"చేప ఉందండి చెరువుల్లో."

"మూడు రోజులండి."

అతను చీల్చిన పిలక వైపు చూశాడు. తర్వాత ఫోను తీసుకుని గట్టు మీద కొంత దూరం నడిచి మాట్లాడాడు. ఇంజన్లు ఆ రోజు ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆగాయి.

ఆ మూడు రోజులూ బాలగంగాధరం ఉదయం బల్ల దగ్గర కూర్చోలేదు. కాఫీ వేడిగా ఉండగానే తాగాడు. దుర్గాంబ కాసేపు చూసి, "పుస్తకం ఇచ్చినందుకు నామీద కోపమా?" అంది. కాదన్నాడు. "నోటీసొస్తుందంటున్నారు ఊళ్ళో," అంది. వస్తుందన్నాడు. ఆమె ఆ సాయంత్రం, శివాజీ తిరిగి తెచ్చిచ్చిన మొదటి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. పది పేజీలు చదివి, "ఈ దేశంలో ఆడవాళ్ళు నీళ్ళెక్కణ్ణించి మోస్తారండీ?" అని అడిగింది. అతను రాయలేదు. అదే చెప్పాడు.

నాలుగో రోజు పదకొండు గంటలకు శివాజీ వచ్చాడు. నోటీసు తెచ్చాడు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని ఉంది. బాలగంగాధరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నీళ్ళు బయల్దేరేయండి," అన్నాడు శివాజీ. "ఐదో కిలోమీటరు దాటేయి. గేజి రాసుకురమ్మన్నారు మేడం. వస్తారా?"

వెళ్ళేసరికి రాయిని మళ్ళీ గుంటలో నిలబెట్టి ఉంచారు. మాణిక్యాలరావు పార పుచ్చుకుని చేలో ఉన్నాడు. సముద్రం వైపున్న ఎకరం పోయింది. అటు నీళ్ళు కట్టడం లేదు. మిగతా రెండెకరాలకూ బోదె తవ్వి పెట్టుకున్నాడు. కాలువలో నీరు నురగతో, ఎండుగడ్డితో, ఒక ప్లాస్టిక్ సీసాతో వచ్చింది. రాయి అడుగున తగిలి, చుట్టూ తిరిగి, తూములోకి వెళ్ళింది. మాణిక్యాలరావు ఇటు చూడలేదు. పారతో గండి వెడల్పు చేస్తున్నాడు.

శివాజీ రిజిస్టరు తెరిచాడు. "ఏం రాయమంటారండి? లాకు దగ్గర మూడడుగులుంది."

బాలగంగాధరం చెప్పులు విప్పి, పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, గట్టు దిగాడు. వంగి చూశాడు. నీరు సున్నా గీతకు కిందే ఉంది. వేళ్ళతో కొలిచాడు.

"సున్నాకి కింద రెండంగుళాలు."

"ఆ గడిలో అలా రాయరేమోనండి. సున్నా వేసేద్దునా?"

"కనబడిందే రాయవయ్యా."

శివాజీ రాశాడు. ఇంతలో సత్యవతి బట్టల బకెట్టుతో గట్టు దిగివచ్చింది.

"మీ కొలతయిపోతే రాయి ఇచ్చేస్తారాండి?"

"ఇవ్వరమ్మా. ఇక్కడే ఉంటుంది."

"అయితే నేనూ ఇక్కడికే వస్తానండి," అని ఆమె కాలువలోకి దిగి, ఒక లుంగీ తీసి, నిలబెట్టిన రాయి మీద పక్క నుంచి బాదడం మొదలుపెట్టింది. నీళ్ళు ఒకటో అంకె దాకా ఎగిరాయి.

"అమ్మా, అమ్మా, కొలత చెదిరిపోతంది," అన్నాడు శివాజీ.

"ఆగు," అన్నాడు బాలగంగాధరం.

అతను నీళ్ళలోనే నిలబడ్డాడు. ఆమె లుంగీ పిండి, రెండు చొక్కాలు, ఒక దుప్పటి ఉతికి, బకెట్టు ఎత్తుకుని గట్టెక్కింది. నీళ్ళు నిలిచేదాకా అతను కదలలేదు. అప్పుడు వంగి మళ్ళీ చూశాడు.

"సున్నాకి కింద అంగుళమున్నర," అన్నాడు.

శివాజీ రెండు కొట్టేసి అది రాశాడు.